పాఠ్యపుస్తకంలోని మనిషి, హాస్టల్ గదిలోని రవి: 'అంపశయ్య' ఆధారంగా మనోవైజ్ఞానిక విమర్శపై పునఃపరిశీలన

వ్యాససంగ్రహం

తెలుగు నవలపై వచ్చిన మనోవైజ్ఞానిక విమర్శ ఎక్కువగా పాశ్చాత్య సిద్ధాంతాలను ముందు నిలిపి, పాత్రలను వాటికి ఉదాహరణలుగా చూపింది. కళాశాలలో మనోవిజ్ఞానశాస్త్రం చదివే విద్యార్థికి సాహిత్యం పరిచయమైనప్పుడు కూడా ఈ క్రమమే ఎదురవుతుంది. ఉస్మానియా విశ్వవిద్యాలయ విద్యార్థి ఒకరోజు జీవితాన్ని చిత్రించిన నవీన్ నవల 'అంపశయ్య' (1969) ప్రధాన ఆధారంగా, 'చివరకు మిగిలేది', 'అల్పజీవి', 'అసమర్థుని జీవయాత్ర' నవలలను అవసరమైనంత మేరకు తోడు తెచ్చుకొని, ఈ క్రమాన్ని తిరగవేయవలసిన అవసరాన్ని ఈ వ్యాసం చర్చిస్తుంది.

కీలకపదాలు: అంపశయ్య, నవీన్, మనోవైజ్ఞానిక విమర్శ, చైతన్యస్రవంతి, ప్రవర్తన, అచేతనం, విద్యార్థి జీవితం.

ఉపోద్ఘాతం

తెలుగు శాఖల్లో మనోవైజ్ఞానిక నవలపై జరిగే పరిశోధనకు ఒక స్థిరమైన నమూనా ఏర్పడింది. మొదటి అధ్యాయంలో ఫ్రాయిడ్, ఆడ్లర్, యూంగ్ సిద్ధాంతాల పరిచయం ఉంటుంది. రెండో అధ్యాయంలో నవలల ఇతివృత్తాలు ఉంటాయి. మూడో అధ్యాయం నుంచి 'అన్వయం' మొదలవుతుంది. దయానిధికి ఈడిపస్ గ్రంథి, సుబ్బయ్యకు ఆత్మన్యూనతా గ్రంథి, సీతారామారావుకు అహం, ఆత్మవినాశన ప్రవృత్తి. ఒక్కొక్క పాత్రకు ఒక్కొక్క పేరు పెట్టడంతో అధ్యాయం ముగుస్తుంది. ఈ క్రమంలోనే ఒక తీర్పు దాగి ఉంది. సిద్ధాంతం ముందే నిరూపితమైపోయింది, నవల దానికి సాక్ష్యం చెప్పడానికి వచ్చింది అన్నదే ఆ తీర్పు. నవల సిద్ధాంతాన్ని ఎదురుప్రశ్న వేసే అవకాశం ఆ నమూనాలో లేదు.

తెలుగు పరిశోధనకే పరిమితమైన లోపంగా దీన్ని చూస్తే సమస్య సగమే అర్థమవుతుంది. పట్టభద్ర స్థాయిలో మనోవిజ్ఞానశాస్త్రాన్ని చదివే విద్యార్థి కూడా మానవ ప్రవర్తనను గురించి ఇదే దిశలో ఆలోచించడం నేర్చుకుంటాడు. నిర్వచనం ముందు, ఉదాహరణ తరువాత. ఆ ఉదాహరణ తన ఊరిదైతే ఆనందిస్తాడు. తన ఊరి అనుభవం నిర్వచనానికి లొంగకపోతే, లోపం తన ఊరిదనే అనుకుంటాడు.

పాఠ్యపుస్తకంలోని మనిషి ఎవరు?

పాఠ్యపుస్తకం 'మనిషి' అన్నప్పుడు ఎవరిని ఉద్దేశిస్తున్నదో అడగవలసిన అవసరాన్ని మనోవిజ్ఞానశాస్త్రమే ఆలస్యంగా గుర్తించింది. 2008లో జెఫ్రీ ఆర్నెట్, అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ వెలువరించే ఆరు ప్రధాన పత్రికలను పరిశీలించి, వాటిలోని అధ్యయనాల్లో పాల్గొన్నవారిలో 68 శాతం అమెరికావారని, మొత్తం మీద 96 శాతం పాశ్చాత్య పారిశ్రామిక దేశాలవారని చూపాడు. 2010లో జోసెఫ్ హెన్రిక్, స్టీవెన్ హైనె, ఆరా నోరెంజయాన్ ఈ చర్చను ముందుకు తీసుకువెళ్లారు. వారు ప్రస్తావించిన లెక్కల్లో మరొకటి ఇక్కడ మరింత ముఖ్యం. సాంఘిక మనోవిజ్ఞానశాస్త్రంలోని ఒక ప్రముఖ పత్రికలో, అమెరికాకు చెందిన అధ్యయనాల్లో 67 శాతం కేవలం మనోవిజ్ఞానశాస్త్రం చదువుతున్న పట్టభద్ర విద్యార్థుల మీద జరిగినవే. ప్రయోగశాలకు దగ్గరగా, చవకగా దొరికేది వారే మరి.

అంటే తెలుగు కళాశాలలో మానవ ప్రవర్తనను చదివే విద్యార్థి, చాలా వరకు, మరొక కళాశాల విద్యార్థి ప్రవర్తననే చదువుతున్నాడు. అతడు వేరే దేశంవాడు. పాఠ్యపుస్తకం ఆ విద్యార్థి ఊరు, కులం, ఇంటి అప్పు ఇవన్నీ తీసివేసి 'వ్యక్తి' అని పిలుస్తుంది. ఈ నేపథ్యంలో, తెలుగు సాహిత్యంలో ఒక విద్యార్థి మనస్సును అతని పరిసరాలతో సహా నమోదు చేసిన నవల ఉండడం చిన్న విషయం కాదు.

మాటల చిక్కు

నవలలోకి వెళ్లేముందు మాటల దగ్గర కొంచెం ఆగవలసి ఉంది. 1968లో తెలుగు అకాడమీ ఏర్పడిన తరువాత ఉన్నత విద్యలో వివిధ శాస్త్రాలకు తెలుగు పాఠ్యపుస్తకాలు, పరిభాష సిద్ధమయ్యాయి. ఆ కృషి విలువ కాదనలేనిది. అయితే మనోవిజ్ఞాన పరిభాషలో కొన్ని మాటలు తెలుగులో అంతకుముందే వేరే జీవితం గడిపి వచ్చినవి.

'ప్రవర్తన' అన్న మాటనే తీసుకోవచ్చు. 1913లో జె.బి. వాట్సన్ ప్రవర్తనవాదాన్ని ప్రకటించినప్పుడు ఆ మాటకు అతడు కోరుకున్నది తటస్థత. బయటికి కనిపించే ఏ ప్రతిస్పందనైనా ప్రవర్తనే, అందులో మంచిచెడ్డల ప్రసక్తి లేదు. తెలుగులో 'ప్రవర్తన' ఎన్నడూ తటస్థం కాదు. కళాశాల వదిలే విద్యార్థి చేతికి ఇచ్చే ప్రవర్తన ధ్రువపత్రంలో ఆ మాట ఒక తీర్పు. 'వాడి ప్రవర్తన బాగాలేదు' అన్నా, 'నడత చూసి పిల్లనిచ్చారు' అన్నా అక్కడ మాట్లాడుతున్నది శాస్త్రవేత్త కాదు, ఊరు. కాబట్టి 'మానవ ప్రవర్తన' అన్న శీర్షిక కింద విద్యార్థి చదివే మొదటి పాఠంలోనే ఊరి పెద్ద గొంతు వినిపిస్తుంది. పాఠ్యపుస్తకం దాన్ని గమనించదు.

'అచేతనం' పరిస్థితి ఇంకా విచిత్రం. ఫ్రాయిడ్ చెప్పిన అచేతనం నిరంతరం పనిచేసేది, మారువేషాలు వేసేది, కలలో ఒక రూపంలోనూ మాట తడబాటులో మరో రూపంలోనూ బయటపడేది. తెలుగులో అచేతనమంటే చలనం లేనిది. స్పృహ తప్పిన మనిషిని 'అచేతనంగా పడి ఉన్నాడు' అంటారు. మనస్సులో అత్యంత చురుకైన భాగానికి తెలుగు పరిభాష నిర్జీవత్వాన్ని సూచించే పేరు పెట్టింది. విద్యార్థి నిర్వచనాన్ని అప్పజెప్పగలడు. అయితే ఆ మాట అతని ఊహలో సరైన చిత్రాన్ని లేపదు. విమర్శకుడు ఈ మాటను పాత్రకు తగిలించినప్పుడు జరిగేదీ ఇదే.

'అంపశయ్య': ఒకరోజు, ఒక మనస్సు

నవీన్ అసలు పేరు దొంగరి మల్లయ్య. 1941లో పూర్వపు వరంగల్ జిల్లా వావిలాలలో జన్మించి, ఉస్మానియాలో చదివి, అర్థశాస్త్ర అధ్యాపకుడిగా పనిచేసిన రచయిత. 'కాలరేఖలు' నవలకు 2004లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చినా, పాఠకలోకంలో అతని పేరుకు ముందు నిలిచిపోయింది మాత్రం 1969లో వెలువడిన తొలి నవల పేరే. ఉస్మానియా హాస్టల్‌లో ఉండే రవి అనే విద్యార్థి నిద్రలేచింది మొదలు ఆ రాత్రి వరకు అతని మనస్సులో మెదిలే ఆలోచనలు, జ్ఞాపకాలు, భయాలు, కోరికలే ఇందులోని ఇతివృత్తం.

ఈ రచనాపద్ధతికి పెట్టిన పేరు మనోవిజ్ఞానశాస్త్రం నుంచే వచ్చిందన్నది అందరికీ తెలిసిందే. 1890లో విలియం జేమ్స్ తన గ్రంథంలో ఆలోచనను ప్రవాహంతో పోల్చాడు. 1918లో మే సింక్లెయిర్, డొరొతీ రిచర్డ్‌సన్ నవలలను వివరిస్తూ ఆ పోలికను సాహిత్య విమర్శలోకి తెచ్చింది. జాయిస్ 'యులిసిస్' (1922), వర్జీనియా ఉల్ఫ్ 'మిసెస్ డాలవే' (1925) కూడా ఒక్కరోజు కథలే. అందుకే 'అంపశయ్య'ను ఈ వరుసలో చివర నిలిపి, తెలుగులో చైతన్యస్రవంతి ప్రయోగంగా మెచ్చుకోవడం అలవాటైంది. ఆ మెప్పు న్యాయమైనదే గాని, దానితో ఆగిపోతే నవల చేసిన అసలు పని కనబడదు.

క్లారిస్సా డాలవే మనస్సు యౌవనంలోకి వెనుదిరిగి వెళ్లేది తీరికలో. ఆమె సాయంత్రం విందు ఏర్పాటులో ఉంది. గతం ఆమె దగ్గరికి అలవోకగా వస్తుంది. రవి మనస్సు ఇంటివైపు వెళ్లేది అవసరంలో. పల్లెలోని తల్లిదండ్రులు, తన చదువు వారిమీద మోపిన బరువు, తాను చదివి ఏం కావాలన్న ప్రశ్న, స్త్రీ పట్ల ఆకర్షణ, ఆ ఆకర్షణ వెంటే వచ్చే సిగ్గు, చేతిలో లేని డబ్బు, ఇవన్నీ ఒకదాన్నొకటి తోసుకుంటూ వస్తాయి. స్రవంతి అన్న మాటలోని ఒరవడి ఇక్కడ సరిపోదు. ఇది ప్రవాహం కంటే బాకీదారుల వరుసను ఎక్కువగా తలపిస్తుంది. ఒకరిని పంపించేలోగా మరొకరు తలుపు తడతారు. రచయిత పెట్టిన పేరు ఈ సంగతిని విమర్శకులకంటే ముందే చెప్పింది. భీష్ముడు పడుకున్న శయ్యలోని బాణాలు ఒక్కొక్కటి బయటినుంచి వచ్చినవే. తన ప్రతిజ్ఞ వల్లనో తన వారి వల్లనో వచ్చినవి. అవి గుచ్చుకోవడమే కాదు, అతన్ని నేలమీద పడనీయకుండా పైకెత్తి పట్టుకున్నవీ అవే. రవిని బాధించే బంధాలే రవిని విశ్వవిద్యాలయంలో నిలబెట్టాయి. వాటిని తీసివేస్తే అతడు విముక్తుడైన వ్యక్తి కాడు, అసలు ఆ హాస్టల్ గదిలోనే ఉండడు.

పాఠ్యపుస్తకం పరిభాషలో రవి స్థితిని వర్ణించడం చాలా సులభం. ఆందోళన, సంఘర్షణ, కుంఠనం, దమనం, పగటికల. ఒక్కొక్కదానికి నవల నుంచి నాలుగు పంక్తులు ఎత్తి చూపవచ్చు. పరీక్షలో మార్కులు వస్తాయి, సిద్ధాంత గ్రంథంలో పుటలు నిండుతాయి. ఈ మాటలన్నీ సంఘర్షణను 'వ్యక్తి లోపల' పెడతాయి. నవలలోనేమో లోపల, బయట అన్న గోడ ఎక్కడుందో తేల్చడం కష్టం. రవి తనను తాను తిట్టుకున్నప్పుడు ఆ తిట్టు ఎవరిది? తన భవిష్యత్తును ఊహించుకున్నప్పుడు ఆ ఊహలో కనబడే సుఖం ఎవరు కోరుకున్నది? తరగతి గది ఇంగ్లీషు, ఇంటి తెలంగాణ మాట, సహవిద్యార్థుల వెక్కిరింత, చదివిన పుస్తకాలు ఇవన్నీ అతని తలలో ఒకేసారి మాట్లాడతాయి. ఇందులో 'స్వీయం' అని వేరుచేసి చూపదగినది దొరకదని కాదు. అది ఇతరుల మాటలతో బేరమాడుతూ, వాటికి జవాబు చెప్పుకుంటూ మాత్రమే కనబడుతుంది.

1991లో హేజెల్ మార్కస్, షినోబు కిటయామా స్వతంత్ర స్వీయం, పరస్పరాశ్రిత స్వీయం అని చేసిన విభజనను ఇక్కడికి తెచ్చి, రవి రెండో రకానికి చెందినవాడని తేల్చివేయాలని ఎవరికైనా అనిపించవచ్చు. అది ఒక పేరు తీసి మరో పేరు పెట్టడమే. రవి కుటుంబంలో సుఖంగా కరిగిపోయిన తూర్పుదేశపు మనిషి కాడు. వారి నుంచి పారిపోవాలనుకుంటాడు, పారిపోవాలనుకున్నందుకు కుమిలిపోతాడు. ఈ రెండో కదలికను ఏ విభజన పట్టికా చూపలేదు.

నవలలో ఒక పరిమితి ఉంది, దాన్ని దాచడం విమర్శ కాదు. మొత్తం కథ రవి తలలోనే జరగడం వల్ల స్త్రీలు అతని చూపుకు అందినంత మేరకే ఉన్నారు. అదే ప్రాంగణంలో అదే రోజు గడిపిన ఒక విద్యార్థిని మనస్సు ఎలా ఉండి ఉంటుందో పాఠకుడికి తెలియదు. ఒకే చైతన్యానికి కట్టుబడిన పద్ధతికి ఇది సహజమని సమర్థించవచ్చు. అయినా 'విద్యార్థి మనస్సు' అన్న శీర్షిక కింద ఈ నవలను బోధించేటప్పుడు అది 'విద్యార్థి' మాత్రమేనని, విద్యార్థిని కాదని గుర్తుచేయకపోతే, అమెరికా పట్టభద్రుణ్ణి మానవజాతికి ప్రతినిధిని చేసిన పొరపాటే చిన్న స్థాయిలో మళ్లీ జరుగుతుంది.

దయానిధి, ఈడిపస్

పేరు పెట్టడం వల్ల జరిగే నష్టం అన్నిటికంటే స్పష్టంగా కనబడేది బుచ్చిబాబు 'చివరకు మిగిలేది' విషయంలో. 1940ల రెండో సగంలో ధారావాహికగా వెలువడిన ఈ నవలలో దయానిధి వైద్యవిద్య చదివినవాడు. అతని జీవితమంతా తల్లి నీడ పరచుకొని ఉంటుంది. కోమలి, అమృతం, ఇందిర ఎవరితోనూ అతని సంబంధం నిండుగా స్థిరపడదు. తల్లి, కొడుకు, స్త్రీలతో నిలకడలేని బంధం ఈ మూడూ కనబడగానే ఈడిపస్ పేరు వచ్చి వాలుతుంది.

నవలలో దయానిధిని వేధించేది తల్లిపట్ల రహస్య కామన కాదు. తల్లి నడతను గురించి లోకం అనే మాట. ఆ మాట అతని పెళ్లిలోకి వస్తుంది, అత్తవారింటికి వస్తుంది, రాయలసీమకు వెళ్లి వైద్యవృత్తిలో నిలదొక్కుకున్నా వెంటాడుతుంది. ఫ్రాయిడ్ కథలో పిల్లవాడికి తండ్రి ప్రత్యర్థి. దయానిధి కథలో ప్రత్యర్థి ఊరు. ఈడిపస్ పేరు పెట్టిన మరుక్షణం ఊరు నిర్దోషిగా బయటికి నడిచిపోతుంది, జబ్బు దయానిధిలో మిగులుతుంది. ఇక్కడ 'నడత' అన్న మాట మళ్లీ ఎదురుకావడం కాకతాళీయం కాదు. ప్రవర్తన తెలుగులో తీర్పు అని పైన చెప్పినదానికి ఈ నవల మొత్తం ఒక వ్యాఖ్యానంగా చదవవచ్చు.

ఈడిపస్ సిద్ధాంతం భారతీయులకు యథాతథంగా వర్తిస్తుందా అన్న సందేహం కొత్తది కాదు. 1921లో కలకత్తా విశ్వవిద్యాలయం నుంచి దమనంపై చేసిన పరిశోధనకు డాక్టరేటు పొంది, 1922లో భారతీయ మనోవిశ్లేషణ సంఘాన్ని స్థాపించిన గిరీంద్రశేఖర్ బోస్, తన రోగుల అనుభవం ఆధారంగా ఈ విషయంలో ఫ్రాయిడ్‌తోనే ఉత్తరాల్లో విభేదించాడు. పరస్పర విరుద్ధమైన కోరికలు జంటగా ఉంటాయన్న తన సొంత సిద్ధాంతాన్ని ప్రతిపాదించాడు. బుచ్చిబాబు నవల వెలువడే నాటికే ఆ వాదం దాదాపు రెండు దశాబ్దాల పాతది. తెలుగు విమర్శ వియన్నా దాకా వెళ్లి వచ్చిందే గాని, దారిలో ఉన్న కలకత్తాలో దిగలేదు.

ఒక ఆక్షేపణకు ఇక్కడ సమాధానం చెప్పుకోవాలి. బుచ్చిబాబు, గోపీచంద్, రావిశాస్త్రి పాశ్చాత్య సాహిత్యాన్నీ ఆలోచనలనూ చదివినవారే, కాబట్టి వారి నవలల్లో ఆ సిద్ధాంతాలను వెతకడంలో తప్పేమిటి అన్నది ఆ ఆక్షేపణ. రచయిత చదువును గుర్తించడం ప్రభావ పరిశీలన. అది అవసరమే. పాత్ర ఎందుకలా ప్రవర్తించిందో చెప్పడం వ్యాఖ్యానం. మొదటిది రెండోదానికి బదులు కాజాలదు. ఫ్రాయిడ్‌ను చదివిన రచయిత ఫ్రాయిడ్‌తో తగవు పడుతూ కూడా రాయగలడు.

'అల్పజీవి' సుబ్బయ్య విషయంలోనూ ఇదే జరిగింది. ఆత్మన్యూనత అన్నది నవలలో నిజంగానే ఉంది. రావిశాస్త్రి దాన్ని అడుగడుగునా చూపాడు. ఆ న్యూనతను ప్రతిరోజూ తయారుచేసే గుమాస్తా ఉద్యోగం, భార్య తరఫువారి ఒత్తిడి, గుత్తేదారుతో పెట్టుకున్న అప్పు కూడా అంతే వివరంగా ఉన్నాయి. 'అసమర్థుని జీవయాత్ర'లో సీతారామారావు పతనానికి వెనుక వంశప్రతిష్ఠ అనే తండ్రి తరం సొత్తు ఉంది. శీర్షికలోని 'అసమర్థుడు' అన్న మాట సైతం రోగనామం కాదు, లోకం వేసే ముద్ర.

తరగతి గదిలో

1960లలో ఉస్మానియా హాస్టల్‌కు చేరిన రవి వంటి విద్యార్థులు ఇప్పుడు నగరం అంచుల్లోని కళాశాలలకు చేరుతున్నారు. శ్రీశైలం రహదారి ఔటర్ రింగ్ రోడ్డును కలిసే తుక్కుగూడ ప్రాంతాన్నే తీసుకుంటే, ఒకవైపు శంషాబాద్ విమానాశ్రయం, మరోవైపు ఆమనగల్లు, కల్వకుర్తి వైపు నుంచి వచ్చే బస్సులు. ఇంట్లో మొదటిసారిగా డిగ్రీ గడప తొక్కిన యువతీయువకులు ఆ బస్సుల్లో ఉంటారు. భూముల ధరలు మారిపోయిన పల్లెల్లో, పొలం అమ్మిన ఇంటి పిల్లల ఆలోచనలు అమ్మని ఇంటి పిల్లల ఆలోచనల్లా ఉండవు. ఈ తేడాను పట్టుకునే ప్రశ్న ప్రామాణిక ప్రశ్నావళుల్లో సాధారణంగా కనబడదు. ఇతరులు తన గురించి ఏమనుకుంటారోనని తరచూ ఆలోచిస్తారా అని అడిగి, అవునంటే దాన్ని ఆందోళన లెక్కలో వేసే ప్రశ్నావళి, ఇంటి పరువును మోస్తూ చదువుకునే అమ్మాయి నుంచి 'అవును' అన్న జవాబే పొందుతుంది. అది ఆమె రోగలక్షణమా, ఆమె పరిస్థితి మీద ఆమెకున్న సరైన అవగాహనా అన్నది అంకెలో తెలియదు. భారతీయ సందర్భానికి అనుసరించి రూపొందించిన కొలమానాలు లేకపోలేదు. అయితే మాటలను అనువదించినంత సులభంగా ఆ మాటల వెనుక ఉన్న మనిషిని మార్చలేరు.

నవల ఈ లోటును అంకెలతో పూడ్చలేదు. రవి ఒక్కడు, అదీ కల్పితుడు. ఎంతమంది విద్యార్థులు అతనిలా ఆలోచిస్తారో నవల చెప్పలేదు, చెప్పమని అడగడం కూడా న్యాయం కాదు. అది చెప్పగలిగింది, ఒక ఆలోచన ఏయే చేతులు మారి ఆ తలలోకి వచ్చిందన్నది. పరిశోధకుడికి అక్కడినుంచి ప్రశ్నలు దొరుకుతాయి, జవాబుల కోసం అతడు మళ్లీ మనుషుల దగ్గరికి వెళ్లవలసిందే. తెలుగు శాఖ, మనోవిజ్ఞానశాస్త్ర శాఖ ఒకే ప్రాంగణంలో ఉండి కూడా ఒకరి దగ్గరికి మరొకరు వెళ్లడం అరుదు. వెళ్లినప్పుడు సైతం తెలుగు శాఖ సిద్ధాంతాన్ని అరువు తెచ్చుకుంటుంది, ఆ శాఖ కథను అరువు తీసుకుంటుంది. అప్పు తప్ప వేరే సంబంధం ఏర్పడలేదు.

బోధనలో దీనికి చిన్న మార్పుతో మొదలుపెట్టవచ్చు. 'అంపశయ్య'లో ఏదైనా ఒక పుటను విద్యార్థులకు ఇచ్చి, సిద్ధాంతం పేరు ఎత్తకుండా, ప్రతి వాక్యం పక్కన అది ఎవరి గొంతో రాయమనాలి. తండ్రిది, అధ్యాపకుడిది, స్నేహితుడిది, సినిమాది, ఊరిది, రవిది. కొన్ని వాక్యాల దగ్గర తరగతి ఏకాభిప్రాయానికి రాదు. ఒకరు రవి అన్నదాన్ని మరొకరు తండ్రి అంటారు. ఆ తగవు తెగని వాక్యాలను నల్లబల్ల మీద రాసి ఉంచి, ఆ తరువాత పాఠ్యపుస్తకంలో 'స్వీయం' అన్న అధ్యాయం తెరవాలి.